కెప్టెన్ పరిస్థితి నిలకడగానే ఉంది

"చచ్చాడు! చచ్చాడు వెధవ!" అని ఆంటీ గరిటె పైకెత్తి అరిచిన సాయంత్రం సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో చలి బాగా ఉంది. కిటికీ బయట వెలుగు సన్నగిల్లుతోంది. దేవుడి గూట్లో దీపం అప్పుడే వెలిగించారు. కొత్త ఇల్లు, గృహప్రవేశమై ఇంకా ఏడాది నిండలేదు. అలాంటి ఇంట్లో, దీపాలు పెట్టిన వేళ, ఆ మాట. అన్నది మాలో ఎవరో అయితే పోనీ అనుకోవచ్చు. ఆ మాట తన గడప తొక్కడానికి వీల్లేదని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్న మనిషే అన్నారు. బల్ల చుట్టూ నలుగురం ఉన్నాం. ఫిజీ అంకుల్ మెల్లగా తలెత్తి ఇంటి కప్పు వైపు చూశారు. (అక్కడ పొగ వస్తే కూసే యంత్రం తప్ప మరేమీ లేదు. అయినా నేనూ చూశాను.)

ఆ రోజుల్లో మా పేటలో అందరూ దేనికో దానికి ఎదురుచూస్తూ బతికేవాళ్లే. కొందరు వీసా కోసం, కొందరు కట్టించుకుంటున్న ఇంటి తాళాల కోసం, కొందరు ఊరి నుంచి రావలసిన అమ్మానాన్నల కోసం. ఇవన్నీ పదిమందిలో చెప్పుకోదగ్గ ఎదురుచూపులు. మేం నలుగురం మాత్రం ఒక ఆట కోసం ఎదురుచూశాం. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పేవాళ్లం కాదు.

అంతకుముందు నేను కాకినాడలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, వాటికి శీర్షికలు పెట్టడం నా పని. జిల్లా పేజీలో ఏముంటుంది? లారీ ఢీకొనడం, కాలవలో పడటం, కరెంటు తీగ తగలడం. మనిషి పోయాడని చెప్పడానికి మా డెస్కులో ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా ఉండవు. రోడ్డు మీదైతే దుర్మరణం, నాయకుడైతే అస్తమయం, కళాకారుడైతే కన్నుమూత, మామూలు మనిషైతే మృతి. (చోటు సరిపోకపోతే ఎంతటివారైనా మృతే.) నాకున్న కాస్త ప్రతిభా అక్కడే వికసించింది. ఆ పెట్టుబడితోనే పైచదువుకని సిడ్నీ వచ్చి, ఆంటీ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఇక్కడికొచ్చాక నేను రాసింది చదివేవాళ్లు లేరు, చెప్పింది వినేవాళ్లూ లేరు. యూనివర్సిటీలో నేను నోరు తెరిస్తే అవతలివాళ్లు మర్యాదగా ముందుకు వంగి "సారీ?" అనేవాళ్లు. రెండోసారి చెప్పేసరికి నా మాట మీద నాకే ఆసక్తి పోయేది.

అలాంటి సమయంలో ఆంటీ కూతురు చంటి తన ఫోనులో ఒక ప్రకటన చూపించింది. (చంటికి అప్పుడే యూనిలో మొదటి ఏడాది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.) బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "తలుపు తెరుస్తావా, వెనక్కి వెళతావా?" అని కథ చెప్పేవాళ్లు అడుగుతారు. పాత్రధారులు ఏదో ఒకటి తేల్చుకుంటారు. అది నెగ్గిందో లేదో పాచిక చెబుతుంది. రాబోయే ఆ కొత్త ఆటలోని లోకం వేల ఏళ్ల తర్వాతిది. నక్షత్రాల మధ్య కుళ్లిపోతున్న సామ్రాజ్యం, ఆగని యుద్ధం, తుప్పుపట్టిన ఓడలు, గాలి కూడా కొలిచి పోసే నగరాలు. అందులో ఏ పాత్రా సుఖంగా పోకూడదన్నది ఆ కంపెనీ సిద్ధాంతంలా కనిపించింది. ప్రకటనలోని బొమ్మ చూడగానే నాకు మా జిల్లా పేజీ గుర్తొచ్చింది. సొంత ఊరు కనిపించినట్టు అనిపించింది.

చంటితో పాటు ఆ ఆట కోసం పడిగాపులు పడుతున్న మరో మనిషి రెండిళ్ల అవతలి ఫిజీ అంకుల్. ఆయన ముత్తాతలు ఫిజీ చెరకు తోటల్లో పనికి ఓడెక్కిన తెలుగువాళ్లు. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు ఆయన కుర్రవాడిగా సిడ్నీ వచ్చి, చాలా ఏళ్లుగా బస్సు నడుపుతున్నారు. కొడుకులు చిన్నగా ఉన్నప్పుడు వాళ్లతో ఇలాంటి ఆటలు మొదలుపెట్టారట. కొడుకులు మానేశారు, ఆయన మానలేదు. ఆయన తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది కాబట్టి అందులో వంటింటి మాటలూ దీవెనలూ తప్ప ఇంకేమీ ఉండవు. ఎవరు కనబడ్డా "బులా!" అని పలకరిస్తారు. ఆ మాటకు వాళ్ల దేశంలో అర్థమే బతుకు అని తెలిసిన రోజు నుంచి ఆంటీకి ఆయనంటే గౌరవం. నాలుగోవాడు నాతో చదివే వరంగల్ తమ్ముడు, సాయంత్రాలు పెట్రోలు బంకులో పని. కథ ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వాడే నన్ను ముందుకు తోశాడు. "అక్క పేపర్ల పనిచేసింది గదా. లేనిది ఉన్నట్టు జెప్పుడు ఆమెకు అలవాటే."

పొగడ్తో తిట్టో ఆలోచించలేదు. నలుగురు కూర్చుని నా నోటివైపు చూస్తారు, నేను చెప్పింది వింటారు, "సారీ?" అనరు. నాకు అది చాలు. ఆ ఆట నియమాల పుస్తకం వచ్చేదాకా ఈ గుంపు చెదరకుండా కాపాడుకోవాలని ఆ రోజే గట్టిగా నిర్ణయించుకున్నాను.

పుస్తకం వేసవిలో విడుదలవుతుందని కంపెనీ ప్రకటించింది. అంతే, ఎప్పుడని చెప్పలేదు. చంటి, ఫిజీ అంకుల్ డిసెంబరుకి సిద్ధమైపోయారు. ఆస్ట్రేలియాలో వేసవి అప్పుడే కదా. అంకుల్ సెలవు కూడా పెట్టేశారు. డిసెంబరు వచ్చింది, సముద్రపు ఒడ్డున జనం మాడిపోయారు, పుస్తకం రాలేదు. "ఎండకాలమంటే ఏప్రిల్ గాదా?" అన్నాడు వరంగల్ తమ్ముడు. నాకూ అదే న్యాయంగా తోచింది. రోహిణి కార్తె దాటాక కూడా పుస్తకం జాడ లేదు. అప్పుడు గాని మాకు వెలగలేదు, ఆ కంపెనీ భూమికి అవతలి సగంలో ఉందనీ, వాళ్ల వేసవి జూలైలో, అంటే మేం స్వెట్టర్లు వేసుకుని వణికేటప్పుడు వస్తుందనీ. నలుగురం మూడు వేసవులు కాచుకు కూర్చున్నాం. మూడు దేశాల బతుకులు ఒక బల్ల దగ్గర చేరితే ఇంతేనేమో.

జనం గోల భరించలేకో ఏమో, కంపెనీ మధ్యలో ఒక పల్చటి నమూనా పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలింది. ముఖ్యమైన నియమాలు కొన్ని, ఒక చిన్న కథ. అసలుది వచ్చేలోపు దీనితో ఆడి అలవాటు పడదామన్నాను. బల్ల ఎక్కడ? వరంగల్ తమ్ముడి గదిలో మంచం తప్ప చోటు లేదు. ఫిజీ అంకుల్ బల్ల నిండా రంగులు ఆరుతున్న బొమ్మ సైనికులు. లైబ్రరీలో నవ్వితే చూస్తారు. ఇక మిగిలింది ఆంటీ కొత్త వంటింటి పక్కనున్న భోజనాల బల్ల. అడగడానికి చంటినీ వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆంటీది గుడివాడ దగ్గర ఊరు. ఇక్కడ పెద్దాసుపత్రి ఐసీయూలో డాక్టరు, పాతికేళ్ల అనుభవం. ఆట గురించి అంతా విని, "ఆడుకోండి, నాకేం? కానీ ఇంట్లో అశుభం మాట వినబడకూడదు" అన్నారు.

"మమ్, ద హోల్ గేమ్ ఈజ్ అశుభం" అంది చంటి.

"అయితే బయట పార్కులో ఆడండి. ఏడాది నిండని ఇల్లు. పైగా మీరు ఆడేది సందెవేళ. తథాస్తు దేవతలు తిరిగే సమయం. మనం ఏమంటే దానికి తథాస్తు అనేసిపోతారు."

"దే ఫ్లై ఆల్ ద వే టు స్కోఫీల్డ్స్?"

"మనం రాలేదా? వాళ్లకి వీసా కూడా అక్కర్లేదు."

మా ఇద్దరి చేతా, ఆటకు వచ్చాక మిగతా ఇద్దరి చేతా తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు. చావు, శవం, పీనుగు, ప్రేతం, నా జిల్లా డెస్కు సంపద మొత్తం నిషేధం. ఇంకెవరైనా అయితే ఆ ఆట మానేసి చెస్ ఆడుకునేవారు. నాకు మొండితనం వచ్చింది. మన ఇళ్లలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం, గుమ్మం దాటేవాళ్లు వెళతానని కాక వెళ్లొస్తానంటారు. మా అమ్మమ్మ జీవితమంతా ఈ భాషలో గడిపింది, నేను ఒక విశ్వాన్ని నడపలేనా? యూనికి వెళ్లే రైల్లో కూర్చుని ఆ లోకాన్ని ఒక్కో మాటా మార్చుకుంటూ వచ్చాను. మహమ్మారి సోకిన గ్రహం మా బల్ల మీద ఒంట్లో నలతగా ఉన్న గ్రహమైంది. యుద్ధం మాటామాటా అనుకోవడమైంది. పేలిపోయిన ఓడ కొండెక్కింది. సమాధుల్లోంచి లేచొచ్చే సైన్యం పడుకోనివాళ్ల సైన్యమైంది. తల నరికే అధికారిని సాగనంపే అధికారి అన్నాను. (ఒకసారి నేను తూటాలు నిండుకున్నాయంటే చంటి సంబరపడి, కావలసినన్ని ఉన్నాయనుకుని ఖాళీ తుపాకీతో శత్రువు మీదికి పరిగెత్తింది. పాచిక దయ వల్ల బయటపడింది.)

మొదటి సాయంత్రం చిత్రంగానే సాగింది. ఓడ తలుపు దగ్గర కాపలా ఉన్న సైనికుడికి గుండు తగిలింది. నేను గొంతు తగ్గించి, "అతను ఒకసారి ఆకాశం వైపు చూశాడు. వెళ్లొస్తానన్నాడు" అన్నాను.

"యెప్పుడొస్తాడు?" అడిగారు ఫిజీ అంకుల్, చాలా గంభీరంగా.

"ఇప్పుడప్పుడే రాడంకుల్."

"అయ్యో. పాపం, అన్నం తిన్నాడా?"

వరంగల్ తమ్ముడు బల్ల కిందికి దూరిపోయి నవ్వాడు. ఆ కాపలావాడికి పేరు కూడా లేదు. పత్రికలో అలాంటివాణ్ని నేను ఒక్క ముక్కలో మృతి అని రాసి పక్కవార్తకు వెళ్లిపోయేదాన్ని. ఇక్కడ మాట దొరక్క అతని దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. నేను ఆ రోజు కొత్త పని నేర్చుకుంటున్నానని అప్పుడు నాకు తెలియదు, ఆట బాగా నడుస్తోందని మాత్రమే పొంగిపోయాను.

ఫిజీ అంకుల్‌ది ఓడ కెప్టెన్ పాత్ర. కూలిపోయిన గ్రహం నుంచి తనవాళ్లను ఎక్కించుకుని, ఎక్కడో దింపడానికి చోటు వెతుక్కుంటూ పోతున్న ముసలి కెప్టెన్. ఆయన ముందే ఒక సంగతి తేల్చి చెప్పారు. "వీడు ఉంటే నేనుంటా, బిడ్డా. వీడు... వెళ్లొస్తానంటే, నేనూ వెళ్లొస్తా. ఇంకొకణ్ని చేసుకోను. వన్ మేన్, వన్ లైఫ్, దట్స్ హౌ ఐ ప్లే." ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆయన లేకపోతే వరంగల్ తమ్ముడు పెట్రోలు బంకులో ఎక్కువ గంటలు ఒప్పుకుంటాడు, చంటి స్నేహితులతో తిరుగుతుంది, నేను వెనక గదిలో గోడకు కథ చెప్పుకుంటాను. అందుకని ఆ కెప్టెన్ ప్రాణం నా ప్రాణం కంటే జాగ్రత్తగా చూసుకున్నాను. కానీ పాచికను బుజ్జగించడం ఎవరివల్లా కాదు. నేను మోసం చేస్తే అంకుల్ కనిపెట్టేస్తారు కూడా.

ఆంటీ మొదట్లో వంటింట్లోంచి చెవి మాత్రమే మా మీద వేసేవారు. మేం మాట జారితే గరిటె గిన్నెకు కొట్టి హెచ్చరించేవారు. తర్వాత్తర్వాత ఆ గరిటె ఇతర కారణాలకు కూడా మోగింది. మా వైద్యుడి పాత్ర వరంగల్ తమ్ముడిది. వాడు గాయపడినవాడికి ముందు కాలికి కట్టు కడుతుంటే ఆంటీ ఆగలేకపోయారు. "ముందు ఊపిరి ఆడుతోందో లేదో చూడవయ్యా. కాలెక్కడికీ పారిపోదు." మరుసటి వారం, "రక్తం అంత పోతే ఆ మనిషి లేచి పరిగెడతాడా? ఎవరు రాశారీ పుస్తకం?" ఆ పై వారం కుర్చీ ఒకటి బల్ల దగ్గరికి జరిగింది. కూర్చున్నది మాత్రం పప్పులోకి చింతపండు పిసకడానికేనన్నారు.

జూలై వచ్చింది. కంపెనీ వేసవి, మా చలికాలం. పుస్తకం ఓడెక్కిందని కబురు వచ్చింది. ఇంకొన్ని వారాలు నెగ్గుకొస్తే చాలు. ఆ శనివారం సాయంత్రం మా ఓడలోకి ఒక రాక్షసుడు ఎక్కాడు. వాడు కెప్టెన్ ఛాతీలోకి కొక్కెం దింపాడు. వరంగల్ తమ్ముడు పాచిక వేశాడు, లాభం లేకపోయింది. చంటి వేసింది, అదీ అంతే. ఫిజీ అంకుల్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, బస్సు ఆఖరి స్టాపు దగ్గర ఆపిన మనిషిలా నెమ్మదిగా కూర్చున్నారు.

ఆంటీ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చారు. స్నానం చేసి, దీపం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పులుసు కలుపుతున్నారు. ఆ రోజు ఆమె ముఖం బాగోలేదని నేను గమనించాను గానీ అడగలేదు. ఉన్నట్టుండి స్టవ్ తగ్గించి, గరిటె చేతపట్టుకునే వచ్చారు.

"జరగండి. నేను చూస్తాను."

"ఆంటీ, మీకు పాత్ర లేదు కదా..." అన్నాను.

"డాక్టర్‌కి పాత్రేంటే? పిలిస్తే రావడమే. కెప్టెన్ పక్కన ఆ రాక్షసుణ్ని పెట్టుకుని వైద్యం ఎలా చేస్తారు? ముందు వాడి సంగతి చెప్పు. ఎంత పడాలి?"

చెప్పాను. చాలా పెద్ద అంకె. ఆంటీ కళ్లు మూసుకుని ఇరవై ముఖాల పాచికను పిడికిట్లో ఊపి విసిరారు. అది దొర్లి దొర్లి నిలబడింది. ఇరవై. అంతకుమించి లేదు. అప్పుడే ఆ కేక. "చచ్చాడు! చచ్చాడు వెధవ!"

కప్పు వైపు చూడటం అయ్యాక అందరం ఆంటీని చూశాం. ఆమె చేయి నోటికి అడ్డం వెళ్లింది. "అయ్యో అయ్యో, ఎంత మాటన్నాను!" దేవుడి గూటి వైపు తిరిగి చెంపలు వేసుకున్నారు. "వాణ్నే అన్నాను స్వామీ, ఆ రాక్షసుణ్ని. మీకు తెలియంది కాదు." కానీ కెప్టెన్ ఇంకా నేల మీదే ఉన్నాడు. ఆయన కోసం ఇంకోసారి వేయాలి. ఆంటీ ఈసారి గట్టిగా విసిరారు. పాచిక బల్లకు తగిలి ఎగిరి, నేల మీద పడి, టకటకా దొర్లుకుంటూ వంటింటి అల్మారాల కిందికి, అడుగున బిగించిన చెక్కపట్టీ సందులోకి దూరిపోయింది. లోపల ఇంకో రెండుసార్లు చప్పుడైంది. తర్వాత ఆగింది.

చంటి నేల మీద పడుకుని ఫోను దీపంతో చూసింది. "కాంట్ సీ ఎనీథింగ్." వరంగల్ తమ్ముడు లేచాడు. "స్క్రూడ్రైవర్ ఇయ్యుండ్రి ఆంటీ. పట్టీ ఇప్పుడు రెండు నిమిషాల పని."

"వద్దు" అన్నారు ఆంటీ.

"పోనీ మళ్లీ వేయండి ఆంటీ. బల్ల మీద పడకపోతే మళ్లీ వేయొచ్చు" అన్నాను ఆశగా.

"అక్కర్లేదు. వేశాను, పడింది. అక్కడుంది. ఉండనీ." ఆమె కుర్చీలో కూర్చున్నారు. గరిటె ఒళ్లో పెట్టుకుని కొంగుతో దాన్ని తుడుస్తూ, మాతో కాక గరిటెతోనే అన్నట్టు చెప్పారు. "ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని ఉంటారు, ఇంటివాళ్లు. తలుపు తీయగానే లేచి నిలబడతారు. ఏం చెబుతానో నా ముఖంలోనే వెతుక్కుంటారు. ఇవాళ పొద్దున ఒకసారి చెప్పొచ్చాను. చాలు. ఇంట్లో కూడా నా వల్ల కాదు."

దేవతల కథ అంతా దేనికోసమో మాకు అప్పుడు అర్థమైంది. చంటి లేచి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. ఆ పిల్ల తెలుగులో మాట్లాడటం నేను మొదటిసారి విన్నది అప్పుడే. "సరే అమ్మా. చూడొద్దు."

ఆంటీ ముక్కు తుడుచుకుని, నా వైపు తిరిగి, డాక్టరు గొంతుతో అన్నారు. "రాసుకో అమ్మాయ్. కెప్టెన్ పరిస్థితి నిలకడగానే ఉంది."

ఫిజీ అంకుల్ పాచిక దూరిన సందు వైపు చూశారు. ఆయన లేచి వెళ్లిపోతే అంతా అయిపోయినట్టే. చివరికి కుర్చీ ముందుకు లాక్కున్నారు. "వెరీ గుడ్, డాక్టరమ్మా. విజిటింగ్ అవర్స్ యెప్పుడు?"

పుస్తకం వచ్చింది, ఇటుకంత మందాన. ఆంటీ దానికి పసుపూ కుంకుమా పెట్టాకే అట్టపెట్టె విప్పనిచ్చారు. ఇంటికి ఏడాది నిండేదాకా ఆడాం, నిండాక కూడా ఆడాం. అప్పుడు ఏ మాటైనా అనే స్వేచ్ఛ వచ్చింది గానీ మాలో ఎవరికీ నోరు రాలేదు. చంటి పాత్రలు, తమ్ముడి పాత్రలు ఎన్నో వెళ్లొస్తామన్నాయి. కెప్టెన్ మాత్రం ఓడ ఆసుపత్రిలో పడుకుని, అంకుల్ గొంతుతో ఆజ్ఞలిస్తూ ఓడ నడిపాడు.

ఇప్పుడు నేను మెల్‌బోర్న్‌లో, క్లైడ్ నార్త్‌లో ఉంటున్నాను. అంకుల్ కొడుకుల దగ్గరికి బ్రిస్బేన్ వెళ్లిపోయారు. ఫోను చేస్తే "బులా" తర్వాత మొదట అడిగేది కెప్టెన్ గురించే. నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. మొన్న అదే కంపెనీ అదే చీకటి లోకంలో ఇంకో కొత్త ఆట తెస్తున్నామని ప్రకటించింది, వేసవిలోనట. చంటి నుంచి వెంటనే మెసేజ్ వచ్చింది, "ఎవరి వేసవి?" అని, తెలుగులో. నవ్వుకుంటూ చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. అంతటి కటిక చీకటి లోకానికి శుభప్రదమైన మాటలు వెతుక్కుంటూ, పెదవులు కదుపుతూ రైల్లో కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఎదుటి సీటువాళ్లు ఏమనుకుని ఉంటారో, పాపం. ఆమె పట్టుదలలో కాస్తంత నా దగ్గర మిగిలుంటే బాగుండుననిపించింది. కొత్త ఆటకు ముందే చెప్పి ఉంచాను, ఒకటి కాదు, రెండు పుస్తకాలు.

ఆంటీ కిందటేడు వంటిల్లు బాగు చేయించారు. గట్టు రాయి మార్చారు, కుళాయి మార్చారు, అల్మారా తలుపులన్నీ మార్చారు. అడుగున ఉన్న చెక్కపట్టీ జోలికి మాత్రం పనివాళ్లను పోనివ్వలేదట. పాచిక ఇంకా దాని వెనకే ఉంది. ఎంత పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.